నయమానును మన చక్కెర వ్యాధియు

ధ్యాన భాగము: 2 రాజులు 5:1–14



సిరియా సైన్యాధిపతియైన నయమాను కథ మన సండేస్కూలు పిల్లలకు సైతము తెలిసినదే. గొప్పవాడు, పరాక్రమశాలి, రాజునొద్ద మన్నన పొందినవాడు, అయినను రోగి. ఆ కథలో ఈ నెల మనము ఆతని కోపమును గూర్చి తలంచుకొందము. ఆతడు గుఱ్ఱములతోను రథములతోను ప్రవక్త వాకిట నిలిచి, ఏదో గొప్ప కార్యము జరుగునని కనిపెట్టుచుండెను. ఎలీషా బయటికే రాలేదు. యొర్దానులో ఏడు మారులు మునుగుమని కబురు మాత్రము వచ్చెను. ఇంత చిన్న పనియా, మా దేశములో ఇంతకంటె మంచి నదులు లేవా అని నయమాను మండిపడి తిరిగి పోవుచుండెను.

చక్కెర వ్యాధి గలవారి ఇండ్లను దర్శించునప్పుడు ఆ కోపమే నాకు కనబడుచుండును. పుంగనూరు దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన మదనపల్లెకు పోయి డాక్టరుకు చూపించుకొని వచ్చెను. ఏమి చెప్పిరని అడిగితిని. "ఏముంది అయ్యగారూ, అన్నం తగ్గించమన్నారు, నడవమన్నారు, ఒక మాత్ర రాసిచ్చినారు. దీనికా ఇంత ఛార్జీలు పెట్టుకొని పోయింది!" అనెను. పెద్ద సూది, పెద్ద యంత్రము, పెద్ద ఖర్చు ఉండియుంటే ఆయనకు నమ్మకము కుదిరెడిది. నయమాను సేవకులు ఈ మాటనే తమ యజమానునితో అనిరి గదా: ఏదైన గొప్ప పని చెప్పియుంటే చేయకుందువా అని.

ఈ రోగము ఏ ఒకరిద్దరికో వచ్చినది కాదు. భారత వైద్య పరిశోధన మండలివారు దేశమంతట జరిపించిన సర్వే 2023లో ప్రచురింపబడెను. దాని లెక్కనుబట్టి మన దేశములో 10 కోట్ల మందికి పైగా ఈ వ్యాధి కలదు. మరి 13 కోట్లకు పైగా జనులు దాని గడపలో నిలిచియున్నారు. ఒకప్పుడు పట్టణములలోని ధనవంతుల రోగమని దీనిని యెంచిరి. ఇప్పుడు పట్టుమగ్గము మీద కూర్చుండు వానికిని కలదు, టమాటా గంపలు మోయు తల్లికిని కలదు. కుప్పము ప్రాంతమున మూడు భాషలవారు కలిసి జీవింతురు. తెలుగువాడు షుగరనును, తమిళుడు సర్కరై నోయ్ అనును, కన్నడిగుడు సక్కరె కాయిలె అనును. మూడు పేర్లును మనలను ఒకే తప్పు త్రోవకు మళ్లించుచున్నవి. కాఫీలో చక్కెర మానితిని గనుక రోగము మానుననుకొని, పళ్లెమునిండ అన్నము పెట్టుకొని కూర్చుందుము.

కావున రోగమేమో ముందు తెలిసికొందము. మనము తిను అన్నము, సంగటి, దోసె, పండు కడుపులో కరిగి గ్లూకోజు అను ఒక విధమైన చక్కెరగా మారి రక్తములో కలియును. మన కండలకు బలము దానివలననే. చెరువు క్రింద సేద్యము చేయువారికి తక్కిన సంగతి చెప్పుట సులభము. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె కలదు. నీరుగట్టువాడనగా చెరువు నీటిని కాలువ వెంబడి తెచ్చి, మడవలు తెరచి, మళ్లకు పారించువాడు. మన దేహములో ఆ పని చేయునది ఇన్సులిను. జీర్ణకోశము వెనుకనున్న క్లోమగ్రంథి దానిని పుట్టించును. రెండవ రకపు చక్కెర వ్యాధిలో నీరుగట్టువాడు వచ్చి పిలిచినను మడవలు బిగిసిపోయి ఆతని మాట వినవు. నీరు కాలువలోనే నిలిచి గట్లను కోయుచుండును, మడి మాత్రము ఎండిపోవుచుండును. అందుచేతనే రక్తమునిండ చక్కెర యున్నను రోగికి నీరసము తప్పదు. మొదట క్లోమము రెట్టింపు పని చేసి ఎట్లో నెట్టుకొని వచ్చును. కొన్ని యేండ్లకు అదియు అలసిపోవును. కోయబడు గట్లు మన కంటిలోని, మూత్రపిండములలోని, నరములలోని, గుండెలోని రక్తనాళములు.

మడవలను బిగించునవి వంశము, వయస్సు, నడుము చుట్టు చేరిన కొవ్వు, కదలక కూర్చుండుట. ఇది దేవుని శిక్షయనియు, ఎవరో చేతబడి చేసిరనియు చెప్పువారి మాట చెవిని పెట్టనక్కరలేదు.

ఇక ఆహారము. "మేము సంగటి తినేవాళ్లం, మాకేమి భయం" అనువారు మన ప్రాంతమున చాలమంది. రాగి మంచిదే, అందు పీచు కలదు, కాల్షియము కలదు. అయినను 100 గ్రాముల రాగులలో పిండి పదార్థము దాదాపు 70 గ్రాములు; బియ్యములో దాదాపు 78. తేడా ఇంతే. పైగా మనము సంగటిలో బియ్యమును కూడ వేసి ఉడికింతుము, నమలకుండ మింగుదుము. పెద్ద ముద్దలు రెండు మింగి, రాగియే గదా తింటినని సమాధానపడుట వలన ప్రయోజనమేమి? పిడికెడు ముద్ద చాలును. పళ్లెములో సగము ఆకుకూరయో చిక్కుడుకాయయో బీరకాయయో ఉండవలెను. పప్పో గ్రుడ్డో ఉలవలో చేర్చుకొనవలెను. పుంగనూరు పొట్టి ఆవు పాలలో వెన్న యెక్కువని పేరు. రోగి ఆ పాలను వెన్న తీసి మజ్జిగ చేసికొని త్రాగుట మేలు. బెల్లమును తేనెయును ఏమీ చేయవని కొందరి నమ్మకము. రక్తములో చేరినప్పుడు అవి చక్కెరకు తోబుట్టువులే. సామెతలు 25వ అధ్యాయము 16వ వచనము తేనెను బొత్తిగా నిషేధింపలేదు. చాలినంతతో ఆగుమని హెచ్చరించుచున్నది. మా చిత్తూరు సీమ మామిడి పండునకును అదే న్యాయము. పండ్ల కాలమున ఒకటి రెండు ముక్కలు, అదియు అన్నము తగ్గించిన పూట తినవచ్చును. బుట్ట ముందు పెట్టుకొని కూర్చుండరాదు.

నడక విషయము డాక్టర్లు చెప్పినను మనకు చులకనయే. కండ పని చేయునప్పుడు ఇన్సులిను పిలువకయే కొన్ని మడవలు తెరచుకొనును. ఇది ఖర్చు లేని మందు. భోజనమైన పిమ్మట 10 లేక 15 నిమిషములు నడచినను రక్తములో చక్కెర ఎక్కుట తగ్గును. వారమునకు మొత్తము 150 నిమిషములైన చురుకుగా నడువవలెను. మగ్గము నేయువారు అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయవలెను. పొలము పనియే మాకు నడక అనువారు పనిలేని నెలలలో తాము ఏమి చేయుచున్నారో చూచుకొందురు గాక.

నయమాను ఏడు మారులు మునిగెను. మొదటి మారు లేచినప్పుడు గాని ఆరవ మారు లేచినప్పుడు గాని ఆతని చర్మము మారెనని లేఖనము చెప్పలేదు. మూడవ మారు చాలించి ఇంటికి పోయియుంటే ఈ కథ మనకు మిగిలెడిది కాదు. మదనపల్లె వారికి ఈ పాఠము తాతల నాటినుండి తెలియును. ఆరోగ్యవరములో 1915లో క్షయరోగుల శానిటోరియము తెరవబడెను. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లరుగారు దానికి మొదటి పెద్ద వైద్యులు. క్షయకు మందు లేని ఆ దినములలో రోగులు నెలల తరబడి అక్కడ పండుకొని, మంచి గాలి, ఆహారము, విశ్రాంతి, ఇవే మందుగా జీవించిరి. మందులు వచ్చిన తరువాత వేరొక చిక్కు వచ్చెను. రెండు నెలలకు దగ్గు తగ్గగానే మాత్రలు మానిన వారికి రోగము మరల లేచి, మందులకు లొంగనిదాయెను.

చక్కెర వ్యాధిలో ఓపిక ఇంకొక మెట్టు ఎక్కువ కావలెను. సాధారణమైన క్షయకు ఆరు నెలలలో మందు ముగియును. దీనికి ముగియు తేదీ లేదు. పరీక్షలో సంఖ్య బాగుండుట, మాత్రయు పథ్యమును పని చేయుచున్నవనుటకు సాక్ష్యము. ఆ కాగితము చూచుకొని మాత్ర మానువాడు, గోడ నిలిచియున్నది గనుక పునాది తీసివేయువానివంటివాడు. 2017లో బ్రిటను నుండి ఒక మంచి వార్త వచ్చిన మాట నిజమే. రోగము బయటపడి ఆరేండ్లు దాటని వారిలో కొందరు, వైద్యుల కాపుదలలో బరువు బాగుగా తగ్గించుకొనిరి. ఏడాది గడచునప్పటికి వారిలో దాదాపు సగము మంది మాత్ర లేకయే హద్దులో నుండగలిగిరి. అది వైద్యులు చూచుచుండగా మాన్పించిన మందు. వారును ఏటేట పరీక్ష చేయించుకొనుచుండవలసినదే.

ఈ రెండు రోగములకు చుట్టరికము కూడ కలదు. చక్కెర వ్యాధి గలవారికి క్షయ వచ్చు ప్రమాదము తక్కినవారికంటె రెండు మూడింతలు ఎక్కువ. రెండు వారములు దాటి దగ్గు నిలువకున్న యెడల కఫము పరీక్ష చేయించుడి.

పరగడుపున 80 మొదలు 130 వరకు, భోజనమైన రెండు గంటలకు 180కి లోపు, గడచిన మూడు నెలల సగటును చూపు హెచ్‌బిఎ1సి పరీక్షలో 7కు లోపు. పెద్దవారిలో అనేకులకు డాక్టర్లు పెట్టు హద్దులివి. బలహీనులైన వృద్ధులకు కొంత సడలింతురు. కొందరు పరీక్షకు ముందు రెండు దినములు అరకడుపు తిని, సంఖ్య తగ్గించుకొని, డాక్టరుగారి మెప్పు పొంది వచ్చి, ఆ సాయంత్రమే బజ్జీల అంగడి దగ్గర నిలిచెదరు. మూడు నెలల సగటు పరీక్ష వారి గుట్టు బయటపెట్టును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో 30 యేండ్లు దాటినవారికి చక్కెరకును రక్తపుపోటునకును ఉచితముగా పరీక్ష చేయుదురు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడుగుడి.

ఇప్పుడు కొంచెము కఠినమైన సంగతి. ఆసా రాజు తన యేలుబడిలో 39వ యేట పాదములందు జబ్బుపడి, దేవుని వెదకక వైద్యులను వెదకెనని 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయము చెప్పుచున్నది. ఈ వచనమును చేతపట్టుకొని, మాత్రలు పారవేయుటయే విశ్వాసమని బోధించువారు మన ఊళ్లకు వచ్చిపోవుచున్నారు. ప్రియులారా, ఆ అధ్యాయమును మొదటినుండి చదువుడి. ఆసా తొట్రిల్లినది వైద్యుని వాకిట కాదు. మందిరములోని వెండి బంగారములను సిరియా రాజునకు పంపి సహాయము కొనుక్కొనినప్పుడు, తన్ను గద్దించిన దీర్ఘదర్శిని చెరలో వేయించినప్పుడు, అప్పటికే ఆతడు దేవునికి దూరమాయెను. మరియొక రాజును చూడుడి. హిజ్కియాకు 15 సంవత్సరముల ఆయుష్షు నిత్తునని దేవుడు మాట ఇచ్చెను. ఆ వాగ్దానము తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించెను. ప్రార్థన, వాగ్దానము, కట్టు మూడును ఒకే మంచము దగ్గర ఉన్నవి.

మా సంఘములలో ఒక తల్లి ఎక్కడో ఒక స్వస్థత కూటమునకు పోయి వచ్చి, ఆ దినము మొదలు మాత్ర ముట్టలేదు. నాలుగు నెలలు గడచెను. ఇంటివారికిని చెప్పలేదు. ఒక దినము చెప్పులో చిన్న రాయి పడెను. ఆమె దానిమీదనే పొలమునకు పోయి, సాయంత్రము వరకు కలుపు తీసి, ఇంటికి వచ్చెను. నేను పోయి చూచునప్పటికి బొటనవ్రేలి క్రింద పుండు నల్లబడి యుండెను. "నొప్పే లేదు అయ్యగారూ, అదే మానిపోతాదిలే" అనెను. "అమ్మా, నొప్పి లేదనే నాకు భయము" అని చెప్పి, ఆ పూటే ఆమె కుమారుని పిలిపించి ఆసుపత్రికి పంపితిమి. రెండు వ్రేళ్లు తీసివేయవలసి వచ్చెను. పాదము దక్కెను. ఇప్పుడామె మాత్ర వేసికొని ప్రార్థన చేయుచున్నది. ప్రతి సాయంత్రము మనుమడు ఆమె అరికాళ్లు చూచుచున్నాడు.

నొప్పి తెలియని పాదము ఎట్లు చెడునో లోకమునకు నేర్పినవారు మన పొరుగుననే యుండిరి. డాక్టరు పాల్ బ్రాండుగారు 1914లో తమిళదేశపు కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు పుట్టి, 1946 నుండి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పని చేసిరి. కుష్ఠువ్యాధి గలవారి వ్రేళ్లు రోగము వలననే కుళ్లి రాలునని అప్పటివరకు వైద్యులు సైతము నమ్మిరి. స్పర్శ పోయినందున కాలినను కోసికొనినను తెలియక, ఆ గాయముల మీదనే నడుచుటచేత వ్రేళ్లు పోవుచున్నవని ఆయన కనిపెట్టెను. 1966లో అమెరికాలోని కార్విల్‌కు పోయిన పిమ్మట, అదే జ్ఞానము చక్కెర వ్యాధి గలవారి పాదములను కాపాడుటకు ఉపయోగపడెను. నొప్పి దేవుడిచ్చిన వరమని ఆయన చెప్పుచుండెడివారు. నయమాను రోగమును కాచిన చేతులే మన రోగమునకు చెప్పులు కుట్టెనని నాకు తోచును.

కావున పాదములను ముఖమువలె దినదినము చూచుకొనవలెను. వ్రేళ్ల సందులను తుడిచి పొడిగా నుంచవలెను. కంటికి అందని అరికాలును అద్దములో చూచుకొనవలెను, లేదా ఇంటివారిచేత చూపించుకొనవలెను. చెప్పు తొడుగుటకు ముందు దులుపవలెను. ఇంటిలో సైతము వట్టి కాళ్లతో తిరుగరాదు. ఆనెలను బ్లేడుతో కోయరాదు, కాళ్లకు నిప్పుల కాపడము పెట్టరాదు. నీటి వేడిమిని ముందు మోచేతితో చూడవలెను. మన ఆలయములలో చెప్పులు వెలుపల విడిచి వచ్చు మర్యాద కలదు. ఎండకాలమున ఆ వాకిలి బండ ఎట్లు కాలునో మీరెరుగుదురు. స్పర్శ తగ్గినవారు లోపల వాడుటకు ప్రత్యేకముగా ఉంచుకొన్న శుభ్రమైన మెత్తని చెప్పులు వేసికొని వచ్చిన యెడల సంఘ పెద్దలెవరును ఆక్షేపింపరాదని నా మనవి. ఏడాదికొకసారి కంటి పాపను పెద్దది చేసి లోపలి పొరను చూపించుకొనుటయు, మూత్రములో ప్రొటీను చూపించుకొనుటయు మరువకుడి. కన్నును మూత్రపిండమును కూడ నొప్పి లేకయే చెడును.

నయమానును యొర్దానుకు మళ్లించినవారు ఇంటివారే. మొదట ఆ చిన్నపిల్ల, తరువాత సేవకులు. వారు యజమానుని పరిహసింపలేదు, తండ్రీ యని పిలిచి నచ్చజెప్పిరి. మన ఇండ్లలో రోగిని పదిమందిలో "నీకు షుగరు, తినగూడదు" అని కసరుకొందురు. పెండ్లి పందిటిలో మరల వారే "ఒక్క లడ్డుకు ఏమి కాదు మామా" అని చేతిలో పెట్టెదరు. రెండును ప్రేమ కావు. ఇంకొక సంగతి. భర్తకు షుగరని వేరుగా వండిపెట్టు ఇల్లాలు, తన రక్తము ఎన్నడును పరీక్ష చేయించుకొనదు. అందరు తిన్న తరువాత మిగిలిన అన్నమంతయు పారవేయలేక తానే తినును. భర్తలారా, ఆమెను మీరే వెంటబెట్టుకొని పోవలెను.

ఇన్సులిను సూది వ్రాసిరనగానే ఇక చావే యని ఏడ్చువారు కలరు. 1922 జనవరిలో టొరంటో పట్టణమున మరణమునకు సిద్ధమైయున్న లెనార్డ్ థామ్సన్ అను 14 యేండ్ల బాలునికి దానిని మొట్టమొదట ఇచ్చిరి. ఆ బాలుడు బ్రదికెను. క్లోమము అలసినప్పుడు బయటినుండి నీరుగట్టువానిని తెచ్చుకొనుటయే గాని అది అలవాటుపడు మత్తు పదార్థము కాదు.

ఉపవాస ప్రార్థనల విషయమై కొందరు అడిగిరి. గ్లిమిపిరైడు వంటి మాత్రలు గాని ఇన్సులిను గాని వాడువారు తిండి మానిన యెడల రక్తములో చక్కెర 70కి దిగువకు జారవచ్చును. కుప్పమునుండి తెల్లవారుజామున రైలెక్కి, మాత్ర వేసికొని, పలహారము లేకయే బెంగుళూరు పనికి పోవువారికిని ఇదే అపాయము. చెమట, వణకు, గుండెదడ, తడబడు మాట దాని గురుతులు. వెంటనే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీటిలో కలిపి త్రాగింపవలెను. 15 నిమిషములకు తగ్గకున్న మరల ఇయ్యవలెను. తేరుకొనిన పిమ్మట అన్నము పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోటిలో ఏమియు పోయక, ఒక ప్రక్కకు పండుకొనబెట్టి 108కి ఫోను చేయుడి. అట్టివారు డాక్టరును అడుగకుండ ఉపవాసముండరాదు. యెషయా 58వ అధ్యాయము ఆకలిగొనినవానికి ఆహారము పంచుటను ఉపవాసమని చెప్పినది గనుక, ఆ దినమున వారు వేళకు తమ భోజనము చేసి, తమ పిడికెడు బియ్యమును బీదల కొరకు తేవచ్చును. శుక్రవారపు కూటములు జరుగు ప్రతి స్థలమునను బైబిలు బల్ల సొరుగులో ఒక గ్లూకోజు పొట్లము ఉంచుమని సంఘ పెద్దలకు చెప్పియున్నాను.